పదకొండో యంత్రం పేరు

తార్నాక,
18 జూన్ 1996

షారోనక్కకు,

ఈ ఉత్తరం ఇవాళే రాయాలి. ఇవాళ లాబ్‌లో జరిగింది ఎవరికో ఒకరికి చెప్పకపోతే రేపు ఆ గదిలో అడుగు పెట్టలేను. చెప్పుకోవడానికి నువ్వొక్కదానివే ఉన్నావు. మా భవనం ఊడ్చే ఆయా నా తల్లి అని డిపార్ట్‌మెంట్ మొత్తంలో నీకు తప్ప ఎవరికీ తెలియదు. మెయిల్ పెడదామంటే యంత్రాలన్నీ చూసుకునేది ఫిలిప్. అతని కళ్లబడకుండా ఏ మెయిలూ బయటికి పోదు. అందుకే ఇన్‌లాండ్ లెటరు.

నువ్వు బెంగుళూరు ఉద్యోగానికి వెళ్లాక నన్ను అదే లాబ్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంటుగా తీసుకున్నారు కదా. నువ్వు కూర్చున్న కుర్చీలోనే కూర్చుంటున్నాను. అవే పదకొండు యంత్రాలు, వైర్లతో కలిపినవి, ఒకే లెక్కను ముక్కలు చేసుకుని తలా ఒకటి చేసేవి. పదింటికి నదుల పేర్లు. గంగ, గోదావరి, పెన్న, మంజీర, అలా. పదకొండోది వేరే డిపార్ట్‌మెంట్ వాళ్లు వదిలించుకున్న పాతది, జనవరిలో వచ్చిందట. దాని పేరు లచ్చవ్వ. చేరిన రోజే తెర మీద ఆ పేరు చూశాను. లోకంలో లచ్చవ్వలు చాలామంది ఉంటారులే అనుకున్నాను.

ఇవాళ అభిషేక్ తన రీసెర్చ్ కోసం వానల లెక్క నడుపుతున్నాడు. పది యంత్రాలు తమ ముక్క ముగించి పదకొండోదాని కోసం ఎదురుచూస్తున్నాయి. అది కదల్లేదు.

"లచ్చవ్వ మళ్లీ పడుకున్నదా?" అని ఫిలిప్ తన టేబుల్ దగ్గర్నుంచే అడిగాడు.

"లేస్తలేదు భయ్యా. పోయినట్టున్నది."

"ఒక్కటియ్యి, అదే లేస్తది. ఓ లచ్చవ్వా, లే."

గట్టిగా అన్నాడు. వరండాలో తడిగుడ్డ పెడుతున్న అమ్మకు వినబడింది. చెప్పులు బయట విడిచి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ లోపలికొచ్చి నిలబడింది.

"పిలిచిన్రా సారూ?"

అందరూ ఒకసారి ఆమె వైపు, ఒకసారి మూలనున్న యంత్రం వైపు చూశారు. తర్వాత అందరూ నవ్వారు. అభిషేక్ కుర్చీలోంచి జారిపోయేంత నవ్వాడు. "చూసినవా భయ్యా, ఒక్క కేకకు వచ్చింది. మిషిన్ కంటే ఈమెనే ఫాస్ట్."

"నిన్ను గాదు అవ్వా, గా మూలకున్న మీ చెల్లెను," అని ఫిలిప్ పదకొండోదాన్ని చూపించాడు. అందరూ నవ్వుతున్నారు కనుక అమ్మ కూడా నవ్వింది. నవ్వుతూ గదిలో అందరినీ చూసింది. నన్ను కూడా అందరినీ చూసినట్టే చూసింది. మా ఒప్పందం నీకు తెలుసు. ఇంటి దగ్గర్నుంచి కలిసే నడుస్తాం, తార్నాక చౌరస్తా దాటాక ఆమె నాకు ఏమీ కాదు. ఆ షరతు ఆమే పెట్టింది. "నిన్ను చూస్తే వాళ్లకు నా చీపురు యాదికి రావద్దు," అంటుంది.

ఆమె వెళ్లాక అభిషేక్, నేను కొత్తదాన్ని కదా అని, విడమరిచి చెప్పాడు. ఆ పేరు ఆమెదేనట. ఈ మూల నుంచి ఆ మూలకు ఊడ్చుకుంటూ పోయేసరికి ఒక సెమిస్టర్ అయిపోతుందట, మిషిన్ కూడా అంతేనట. అమ్మ మోకాలి సంగతి నీకు తెలుసు.

జనవరిలో ఆ యంత్రం వచ్చినప్పుడు నువ్వు లాబ్‌లోనే ఉన్నావు. ఆ పేరు ఎవరు పెట్టారక్కా? నేను ఎవరితోనూ గొడవ పడను. తీసేయమని ఎవరిని అడగాలో తెలిస్తే చాలు.

నీ చెల్లెలు,
స్వర్ణ


బెంగుళూరు,
9 జూలై 1996

స్వర్ణా,

నీ ఉత్తరం చదివి ముందు నవ్వొచ్చింది, కోప్పడకు. మీ అమ్మగారు వచ్చి "పిలిచిన్రా సారూ" అనడం కళ్లకు కట్టినట్టు రాశావు. తర్వాత నీ మొహం తలుచుకుంటే జాలేసింది.

పేరు ఎవరు పెట్టారో నాకు గుర్తు లేదే. ఆ రోజు అందరం అక్కడే ఉన్నాం, తలా ఒక మాట అన్నారు. అభిషేక్ అయి ఉంటాడు, అలాంటి వెధవ ఆలోచనలు అతనికే వస్తాయి. నువ్వు మాత్రం అడగకు. అడిగితే నీకెందుకు అంటారు, అప్పుడేం చెబుతావు? మీ అమ్మగారు పెట్టుకున్న షరతు నువ్వే చెడగొట్టినట్టవుతుంది.

ఫిలిప్‌ను తీసేయమన్నా తీసేయలేడు. ప్రతివాడూ తన ప్రోగ్రాంలో యంత్రాల పేర్లు ఒక్కొక్కటే రాసి పెట్టుకున్నాడు. పని గంగకు పంపు, గోదావరికి పంపు, లచ్చవ్వకు పంపు అని. ఒక పేరు మార్చావంటే ఆ ప్రోగ్రాములన్నీ ఆగిపోతాయి. లాబ్ నడిపేది అచ్యుతరామయ్య సార్, ఆయన ఒప్పుకోరు.

ఒకటే దారి ఉంది. పేర్లతో పని లేకుండా చెయ్యి. నా చుట్టూ ఏ నోడ్లు, అంటే ఏ యంత్రాలు ఉన్నాయి అని ప్రోగ్రామే నడిచేటప్పుడు అడిగి, జవాబుగా నంబర్లు తెచ్చుకునేలా, అందరి ప్రోగ్రాములూ వాడుకునే ఫంక్షన్ల లైబ్రరీ ఒకటి రాయి. అందరూ దాంట్లోకి మారితే పేర్లు వాటంతటవే పోతాయి. సార్‌కు కూడా అలాంటిది కావాలని ఎప్పట్నుంచో ఉంది. నాకే కుదర్లేదు.

క్రిస్మస్ మరునాడు మీ ఇంట్లో తిన్న శనగ గుడాలు ఇంకా నోట్లో ఉన్నాయి. ఇక్కడ కంపెనీ క్యాంటీన్లో అన్నిట్లో బెల్లమే. మీ అమ్మగారికి వందనాలు చెప్పు.

షారోన్


తార్నాక,
30 సెప్టెంబర్ 1996

అక్కా,

నువ్వు చెప్పిన దారే పట్టాను. సార్ వెంటనే సరే అన్నారు. "షారోన్‌ను రెండేళ్లు అడిగాను, నువ్వైనా చెయ్యి," అన్నారు. ఎందుకు చేస్తున్నానో చెప్పలేదు.

ఇప్పటికి మూడు ఫంక్షన్లు నడుస్తున్నాయి. మొదటిది ఎన్ని నోడ్లు ఉన్నాయో చెబుతుంది. దాన్నిబట్టి మనం చోటు తీసిపెట్టుకుంటే, రెండోది ఆ చోటు నిండా నోడ్ల నంబర్లు వరసగా నింపి ఇస్తుంది. మూడోది, అడిగిన నోడుకు నీ నంబరు ఇది అని చెబుతుంది. ఎక్కడా పేరు అక్కర్లేదు. నోడు ఆగిపోయినా దాని నంబరు జాబితాలోంచి తీసేయను, పక్కన గుర్తు పెడతాను. తీసేస్తే వెనకవి ముందుకు జరుగుతాయి, ఒకరి పని ఇంకొకరికి పోతుంది. ఇది తేలడానికే ఒక నెల పట్టింది.

ఇప్పుడు ఒక కష్టం చెబుతాను, నవ్వకు. అమ్మ ఇంటికొచ్చి అడిగింది. "గా మిషిన్‌కు నా పేరు బెట్టిన్రంట గదనే. నిజమేనా?"

నిజమే అన్నాను.

"మిగిలినయిటికి ఏం పేర్లున్నయ్?"

నదుల పేర్లు చెప్పాను. పొయ్యి దగ్గర కూర్చుని ఆ పేర్లు ఒక్కొక్కటే మళ్లీ అనుకుంది. తర్వాత, "గంగమ్మ, గోదారమ్మ, వాటి పక్కన నేనా," అంది. సంతోషపడింది, అక్కా. మా అమ్మను అంత సంతోషంగా నేను పదో తరగతి పాసైన రోజు కూడా చూడలేదు.

అసలు కారణం ఆమెకు చెప్పలేదు. అప్పటినుంచి రోజూ లాబ్ ఊడ్చేటప్పుడు ఆ యంత్రం దగ్గర ఆగుతుంది. మిగతావాటిని గుడ్డతో తుడుస్తుంది, దాన్ని తన కొంగుతో. అభిషేక్, ఫిలిప్ ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటారు. నేను తెర వైపు చూస్తూ కూర్చుంటాను.

ఇంకో మాట. ఆ పేరు నువ్వే పెట్టించావని అమ్మ నమ్మకం. "గాడ అందరు నన్ను ఆయా అంటరు. నాకో పేరుందని అడిగి, పేరు పెట్టి పిలిచింది మనింటికొచ్చిన గా షారోన్ బిడ్డ ఒక్కతే," అంటుంది. కాదమ్మా, అక్క అయితే నాకు చెప్పేది అన్నాను. వినదు. నంబర్లు సున్నా నుంచి మొదలవుతాయని, నువ్వు పదో నంబరువి అని చెబితే, "సున్నతోని మొదలువెడితే మొదటామె లేనట్టే గదనే, పాపం గంగమ్మ," అని నవ్వింది.

ఎందుకు పెట్టారో ఆమెకు తెలిసేలోపు ఆ పేరు పోవాలి. నాకు ఇప్పుడు ఇంకే పనీ లేదు. డిసెంబరుకల్లా అందరి ప్రోగ్రాములూ లైబ్రరీలోకి మార్చి ఇస్తానని సార్‌తో అన్నాను. నేనే కూర్చుని ఒక్కొక్కటీ మారుస్తున్నాను, అభిషేక్‌ది కూడా.

అమ్మ నీకు వందనాలు చెప్పమంది.

స్వర్ణ


బెంగుళూరు,
11 నవంబర్ 1996

స్వర్ణకు,

ఒక మంచి వార్త, ఒక ఆఫీసు వార్త.

అచ్యుతరామయ్య సార్ మీ లైబ్రరీని మా కంపెనీకి పంపారు. మా యంత్రాలతో పాటు దాన్ని కూడా ఇవ్వాలని మావాళ్లు అనుకుంటున్నారు. మాన్యువల్ అచ్చు వేస్తారు, రచయితగా నీ పేరు ఉంటుంది. పరిశీలించి ఆమోదించే పని నాకు ఇచ్చారు. నా పాత లాబ్ కదా. సార్ ఉత్తరంలో మూడు చోట్ల నీ పేరే ఉంది. "ఇంత నిలకడగల మనిషి మా లాబ్‌లోకి ఇంతకుముందు రాలేదు," అని రాశారు. నేను ఆ లాబ్‌లో మూడేళ్లున్నాను. పోనీలే.

నా పరిశీలన ఇది. నంబర్ల జాబితా ఇచ్చే ఫంక్షన్ బాగుంది. కానీ మనుషులు నంబర్లు చదవరు. పదో నోడు ఆగింది అంటే ఎవరికి తెలుస్తుంది, ఏ గదిలో ఏ మూలకు పోవాలి? నంబరు ఇస్తే పేరు చెప్పే నాలుగో ఫంక్షన్ కావాలి. అది లేకుండా ఆమోదించలేను. మాన్యువల్లో చూపించే నమూనా జాబితాలో మీ లాబ్‌లోని అసలు పేర్లే ఉంచు. ఒక నోడు ఆగిపోయినట్టు కూడా చూపించాలి. ఏది ఆగిందని చూపించాలో నేను చెప్పక్కర్లేదు కదా.

ముందే తెలియడం మంచిదని చెబుతున్నాను. ఆ పేరు ఇక్కడ అందరికీ తెలుసు. ఒకసారి భోజనాల దగ్గర మాటల్లో చెప్పాను. మా మేనేజర్‌కు భలే నచ్చింది. ఏ మిషిన్ నెమ్మదించినా "ఇక్కడ లచ్చవ్వ ఎవరు?" అంటాడు, తెలుగు రానివాడు కూడా. తీసేశామంటే ఎందుకు తీసేశారని అడుగుతాడు. అప్పుడు కారణం చెప్పాల్సి వస్తుంది. నీకు అది ఇష్టమా?

జనవరిలో నేను, మా మేనేజర్ మీ లాబ్‌కు వస్తున్నాం.

షారోన్


తార్నాక,
2 డిసెంబర్ 1996

షారోన్ గారికి,

మీరు పరిశీలకులు కనుక ఇలా పిలుస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

నాలుగో ఫంక్షన్ రాశాను. నంబరు ఇస్తే పేరు చెబుతుంది. పేర్లు ఎవరి లాబ్‌కు వారు ఇచ్చుకోవచ్చు. మాన్యువల్లో నమూనాకు ఒకటి, రెండు, మూడు అని పెట్టాను. కూరగాయల పేర్లు పెట్టమన్నా పెడతాను. మూసీ అని పెడతాను. మీరు ఏమన్నా సరే, అది ఒక్కటి తప్ప. సార్‌ను అడిగితే, "పరిశీలకులు ఎలా అంటే అలా," అన్నారు. అందుకని మిమ్మల్నే అడుగుతున్నాను.

అది కుదరకపోతే ఇంకొకటి అడుగుతాను, ఇది ఆఫీసు సంగతి కాదు. మీరు వస్తున్నారని అమ్మకు తెలిసింది. మీరు ఏ రోజు వస్తారని రోజూ అడుగుతోంది. పేరు పెట్టింది మీరేనా అని తప్పకుండా అడుగుతుంది. అవునని అనండి. అబద్ధమే అయినా అనండి. ఆ రోజు మీ ఇంట్లో తిన్నాను అవ్వా, అది మరిచిపోలేక పెట్టాను అనండి. ఒక్క మాట. ఆమె దాన్నే కొంగున కట్టుకుని బతుకుతుంది.

ఇంత రాశానని నన్ను చిన్నచూపు చూడకండి.

స్వర్ణ


బెంగుళూరు,
20 జనవరి 1997

స్వర్ణకు,

ఆమోదపత్రం దీనితో జతపరుస్తున్నాను. నా సంతకం, మా మేనేజర్ సంతకం రెండూ ఉన్నాయి. లైబ్రరీ చాలా బాగుంది. ఈ మాట మనసారా అంటున్నాను. నోడు ఆగినా నంబర్లు జరగకుండా ఉంచడం మావాళ్లకు బాగా నచ్చింది. నమూనా జాబితా నేను అక్కడ సరిచేసి వచ్చినట్టే ఉండాలి, అసలు పేర్లతో. పదో నంబరు నోడు ఆగిపోయినట్టుగా.

ఒకటి మాత్రం మిగిలింది. పది నదుల తర్వాత ఆ పేరు చూసి చదివేవాడు తికమకపడతాడని మేనేజర్ అన్నాడు. పేర్లు ఎక్కడివో జాబితా కింద ఒక వాక్యం రాయి. అది నీకే వదిలేస్తున్నాను, మళ్లీ నాకు చూపించక్కర్లేదు. ఫిబ్రవరి చివర్లో ప్రెస్సుకు పోతుంది.

ఇక మేం వచ్చిపోయాక నువ్వు నాకు ఒక్క ముక్క కూడా ఎందుకు రాయలేదో నాకు తెలుసు. మీ అమ్మగారు వరండాలో ఆపి అడిగారు. అవును, నేనే పెట్టాను అన్నాను. ఎందుకు బెట్టినవ్ బిడ్డా అన్నారు. నిజం చెప్పాను. మా నాన్న ప్రభుదాసు మాస్టారు పెద్దవాళ్లతో అబద్ధం ఆడకూడదని బెత్తంతో నేర్పారు మాకు. నువ్వు ఆడమని రాసి పంపావు. సొంత తల్లిని పసిపిల్లను చేసి ఆడిస్తున్నది ఎవరు, నేనా, నువ్వా?

ఇంకో మాట అడుగుతాను. గంగ అని పెడితే తప్పు లేదు. మంజీర అని పెడితే తప్పు లేదు. లచ్చవ్వ అంటే మాత్రం తప్పా? ఆ పేరులో అవమానం నీకు కనబడింది, ఆమెకు కనబడలేదు. ఇంత కష్టపడి ఒక లైబ్రరీ మొత్తం రాశావు, అమ్మ పేరు కనబడకుండా చేయడానికి. అది ప్రేమ అని నువ్వు అనుకుంటే సంతోషం. నాకు మాత్రం వేరేలా కనబడుతోంది.

నీ ముందు మంచి భవిష్యత్తు ఉంది. ఇలాంటి చిన్న విషయాలు పట్టుకుని కూర్చోకు.

షారోన్


తార్నాక,
6 ఫిబ్రవరి 1997

షారోన్‌కు,

ఆమోదపత్రం అందింది. నువ్వు అడిగిన వాక్యం రాశాను. అది ఈ ఉత్తరం చివర ఉంది. ముందు నీకు తెలియనివి చెబుతాను.

నువ్వు వచ్చిన రోజు అమ్మ ఉతికిన చీర కట్టుకుంది. ఇంటికి తిరిగొచ్చి దాన్ని విప్పి మడత పెట్టి, మామూలు చీర కట్టుకుని కూర్చుంది. ఏమైందమ్మా అన్నాను.

"షారోన్ బిడ్డ చెప్పింది. గా మిషిన్ మెల్లగ పనిచేస్తదంట. పది మంది పని ముగించుకోని దానికోసమే చూస్తరంట. నా లెక్కన ఉన్నదని బెట్టిందంట." మళ్లీ తనే, "చెప్పేటప్పుడు నా భుజం మీద చెయ్యేసింది. మంచి పిల్ల," అంది.

నీ పక్కన మీ మేనేజర్, వెనకాల అభిషేక్ ఉన్నారని, అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడని కూడా చెప్పింది. మరి నువ్వేమన్నావమ్మా అంటే, "ఏమంట. నవ్విన," అంది.

మరునాడు పొద్దున కాంట్రాక్టర్ దగ్గరికి పోయి పని మార్చమని అడిగింది. లాబ్‌లో చల్లగా ఉంటుంది, మోకాలికి పడటం లేదు అని చెప్పిందట. ఇప్పుడు హాస్టల్ బాత్రూములు కడుగుతోంది. అక్కడ గొంతుక్కూర్చుని రుద్దాలి. రాత్రికి మోకాలు ఇంత లావు అవుతుంది.

ఆమె లాబ్ వదిలిన రోజు నేను తలుపు దగ్గరికి వచ్చి అమ్మా అని పిలిచాను. గట్టిగా పిలిచాను, లోపల అందరికీ వినబడేలా. బకెట్ పట్టుకుని వరండాలో పోతోంది. తిరగలేదు. పక్కనున్న ఆయాతో, "ఎవలనో పిలుస్తున్నరు సూడు," అని నడిచిపోయింది. నేను ఆమె షరతు మీరినందుకు అయి ఉండొచ్చు. వేరే ఎందుకైనా అయి ఉండొచ్చు. అడిగే ధైర్యం నాకు లేదు. చౌరస్తా దాకా కలిసి నడవడం కూడా మానేసింది. నాకంటే ముందే బయలుదేరిపోతోంది.

లోపలికి తిరిగొస్తే ఎవరూ నవ్వలేదు. అభిషేక్ మాత్రం, "ముందే చెప్తే మేం అనకపోదుం గదా," అన్నాడు. అంటే తప్పు నాది. ఫిలిప్ తల దించుకుని కీబోర్డు దులుపుతున్నాడు. ఇప్పుడు ఆ యంత్రాన్ని అందరూ "పది" అంటున్నారు. నేను ఇన్ని నెలలు పడ్డ కష్టానికి జరగాల్సింది అదే. జరిగింది.

లచ్చవ్వ అంటే తప్పా అని అడిగావు. గంగ ఆగిపోయినప్పుడు ఎవరూ నవ్వలేదు, షారోన్. చాలాసార్లు ఆగింది. "గంగ డౌన్" అన్నారు, స్విచ్ వేశారు, అయిపోయింది. నా జవాబు అంతే. అమ్మ పేరు దాచడానికి రాశానన్నావు. ఆమె నోటి దగ్గరి ముద్దలో రాయి ఉందని తెలిసి తీసేద్దామని చూశాను. నువ్వు దాన్ని నమిలించి చూపించావు.

నేను తెలియక చేసిన తప్పు ఒకటే. నీకు గుర్తు లేదంటే నమ్మాను. పేరు పెట్టింది మరెవరో అనుకుని, నువ్వేనని అబద్ధం చెప్పమని నిన్నే బతిమాలుకున్నాను. ఆ ఉత్తరం చదివేటప్పుడు నీకు ఎలా ఉందో ఊహించాలని చూశాను. ఊహకు అందలేదు.

ఇక వాక్యం. మాన్యువల్లో నాలుగో ఫంక్షన్ దగ్గర, నమూనా జాబితా కింద, ఇంగ్లీషులో ఉంటుంది. నీకు తెలుగులో చెబుతున్నాను:

"మొదటి పది నోడ్లకు నదుల పేర్లు. చివరి నోడు పేరు ఈ భవనాన్ని ఊడ్చిన లచ్చవ్వది. ఆమె ఈ లైబ్రరీ రాసిన స్వర్ణకు తల్లి. ఆమె మోకాలి నొప్పితో నెమ్మదిగా నడుస్తుంది, ఈ యంత్రం నెమ్మదిగా నడుస్తుంది. రెండూ తెలిసి ఈ పేరు పెట్టినది ఈ మాన్యువల్‌ను పరిశీలించి ఆమోదించిన షారోన్."

ఒక వాక్యం అడిగావు, కొంచెం ఎక్కువైంది. మీ మేనేజర్ చదువుతాడు. ఈ లైబ్రరీ వాడే ప్రతి కాలేజీలో, నాలుగో ఫంక్షన్ ఎలా పిలవాలో చూసుకునే ప్రతివాళ్లూ చదువుతారు. అచ్యుతరామయ్య సార్ ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టారు. మళ్లీ చూపించక్కర్లేదని నువ్వే రాశావు. అయినా చూపిస్తున్నాను. ఒక మనిషి పేరు ఆ మనిషికి చెప్పకుండా అచ్చులో వేయడం నాకు చేతకాదు.

అమ్మను కూడా అడిగాను. నీ పేరు, నీ మోకాలు పుస్తకంలో వస్తాయి, రాయనా వద్దా అన్నాను. అటు తిరిగి పడుకునే ఉంది. "రాస్తే రాయి. నేను చదువుతనా," అంది.

ఇందులో ఏ మాటైనా అబద్ధమైతే అది ఏదో చెప్పు, ఆ మాట తీసేస్తాను. పెద్దవాళ్లతోనే కాదు, అచ్చులో కూడా అబద్ధం ఉండకూడదు. బాధపెట్టిందనో, పరువు పోతుందనో రాస్తే మాత్రం తీయను. కాగితాలు ఈ నెల ఇరవై రెండున ప్రెస్సుకు పోతున్నాయి. నీ జవాబు ఇరవయ్యో తేదీలోపు నాకు అందాలి. అందకపోతే అన్నీ నిజమేనని నువ్వు ఒప్పుకున్నట్టు తీసుకుంటాను.

స్వర్ణ